పెద్దలకు ఒక బహిరంగ లేఖ: మన ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చిందో మాకు చెప్పండి

అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు, పెదనాన్నలకు, మేనత్తలకు, ఊళ్లోనే ఉండిపోయిన పెద్దవాళ్లకు, పిల్లల దగ్గర హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటున్న పెద్దవాళ్లకు, అందరికీ నమస్కారం.

అడగాలనుకున్నది ముందే అడిగేస్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. మన ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చింది, అది ఎన్నో ఏట మొదలైంది, పోయినవాళ్లు ఏ వయసులో ఎలా పోయారు, ఇవి మీకు గుర్తున్నంతవరకు మాకు చెప్పండి. ఎవరి పరువో పోతుందని ఆగకుండా చెప్పండి. మేం ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాం. మీరు చెప్తే తప్ప ఈ వివరాలు మాకు ఇంకెక్కడా దొరకవు. ప్రభుత్వం 2021 నుంచి ఆభా అని 14 అంకెల ఆరోగ్య నంబరు ఇస్తోంది గానీ అందులో చేరేది ఎవరి రిపోర్టులు వాళ్లవే, ఎప్పుడో పురిట్లో పోయిన మీ అక్కగారి సంగతి అందులో ఉండదు. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఇచ్చే మరణ ధ్రువీకరణ పత్రంలో కూడా పేరు, తేదీ, ఊరు ఉంటాయి కానీ ఎందువల్ల పోయారన్నది ఉండదు, ఆ కారణం పత్రంలో వేయకూడదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టమే చెప్తోంది. అంచేత మీకు గుర్తున్నదే మాకు రికార్డు.

డాక్టరు దగ్గరికి ఏ జబ్బుతో వెళ్లినా మొదట్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది, "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని. అప్పుడు మేం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటాం. "నాన్నకి షుగర్ ఉందండీ, తాతయ్యకి ఏమో తెలీదు" అంటాం, డాక్టరుగారు ఏదో రాసుకుని ముందుకు వెళ్లిపోతారు. ఆ ప్రశ్న ఊరికే మర్యాదకి అడిగేది కాదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రిసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు మన దేశం కోసం తయారుచేసిన షుగర్ రిస్క్ స్కోరులో నాలుగే నాలుగు విషయాలు చూస్తారు, వయసు, నడుం చుట్టుకొలత, ఒళ్లు వంచి పనిచేయడం, తల్లిదండ్రులకు షుగర్ ఉందా లేదా. ఒకరికి ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20, మొత్తం 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ప్రమాదం ఎక్కువ అని లెక్క. 30 దాటినవాళ్ల ఇంటికొచ్చి ఆశా కార్యకర్తలు నింపే ఫారంలోనూ అమ్మకో నాన్నకో తోబుట్టువులకో బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అన్న ప్రశ్న ఉంటుంది. ఆ గళ్లన్నీ మీరు చెప్పేదాన్ని బట్టే నిండాలి.

జబ్బు పేరు ఒక్కటే చెప్తే చాలదు, వయసు కూడా కావాలి. "మీ తాతకి గుండెపోటు" అంటే డాక్టరుకి దాంతో పెద్దగా పని ఉండదు. 78 ఏళ్లకి వచ్చిందా, 44 ఏళ్లకి వచ్చిందా అన్నదే అసలు సంగతి. నాన్నకో అన్నదమ్ముల్లో ఒకరికో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లలో ఒకరికో 65 లోపు గుండెజబ్బు వచ్చిందంటే డాక్టర్లు ఆ ఇంటి పిల్లల్ని వేరే కన్నుతో చూస్తారు, కొలెస్ట్రాల్ పరీక్షలు ముందే చేయిస్తారు, మందులు ముందే మొదలుపెడతారు. పెద్దపేగు క్యాన్సర్‌దీ అదే తీరు. అమ్మకో నాన్నకో తోబుట్టువుకో వచ్చి ఉంటే 40 ఏళ్లకి, లేదా వాళ్లకి వచ్చిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించుకోమంటారు. నాన్నకి 45కి వచ్చిందని తెలిస్తే కొడుకు 35కే వెళ్తాడు. తెలియకపోతే ఎప్పుడో రక్తం పడ్డాక వెళ్తాడు, పైగా మొలలే అనుకుని ఇంకో ఏడాది ఆగుతాడు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా పెదనాన్నగారి అబ్బాయికి 38 ఏళ్లకి గుండెపోటు వచ్చింది. సిగరెట్ లేదు, మందు లేదు, రోజూ నడుస్తాడు. స్టెంటు వేశాక కార్డియాలజిస్టు బయటికొచ్చి "ఇంత చిన్న వయసులో ఎవరికైనా ఉందా అమ్మా?" అని అడిగితే అందరం లేదన్నాం. డాక్టరుగారు లోపలికెళ్లాక మా పెద్ద మేనత్త, ఆవిడకి అప్పటికే ఎనభై దాటాయి, చేతిలో ఉన్న మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ తిప్పుతూ చెప్పింది, వాళ్ల నాన్నగారు 46కే పోయారట, చిన్నాన్నగారు అంతకంటే చిన్న వయసులో పోయారట, ఇద్దరూ రాత్రి పడుకుని తెల్లారి లేవలేదట. మేమంతా చిన్నప్పట్నుంచీ విన్నది "మహానుభావులు, సునాయాసంగా పోయారు, ఒకరి చేత చేయించుకోలేదు" అని. వయసు మాత్రం ఎవరూ చెప్పలేదు. గోడ మీది ఫోటోలో పెద్ద మీసాలతో, భుజాన కండువాతో ఉంటారు కాబట్టి ముసలాయనే అనుకున్నాం. అత్తయ్యని తప్పు పట్టడం లేదు, ఆవిణ్ని అప్పటిదాకా అడిగినవాళ్లే లేరు. ఆ తర్వాత మా తరం వాళ్లందరం లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించుకున్నాం. కొందరిలో చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 190 దాటి ఉంది. అంత ఉంటే పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బేమోనని అనుమానించాలట, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం ఉంటుందట. ఇప్పుడు వాళ్లు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వేసుకుంటున్నారు, వాళ్ల పిల్లలకి కూడా పరీక్ష చేయించారు. మీరు కూడా ఒకసారి గుర్తు చేసుకోండి, మీ వాళ్లలో ఎవరికైనా కనురెప్పల దగ్గర పసుపు మచ్చలు, మడమ వెనక నరం ఉబ్బి లావుగా ఉండటం చూశారా? అవి కొలెస్ట్రాల్ పేరుకున్న గుర్తులు కావచ్చు. పాత ఫోటోలు కూడా ఓసారి తీసి చూడండి.

ఇప్పుడు మీరు ఎందుకు చెప్పరో ఆ మాటకొస్తాను. సగం మంది "తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఆ జబ్బు పేరు నోటితో అనకూడదు" అంటారు. అది నమ్మకం, దానితో నేను వాదించను, నోటితో అనలేకపోతే కాగితం మీద రాసివ్వండి, చాలు. మిగతా సగం మందికి అసలు భయం పెళ్లిళ్లు. "ఆడపిల్ల ఉన్న ఇల్లు, బయట పడితే సంబంధాలు రావు" అన్న ఒక్క మాట మీద ఎన్ని జబ్బులు నేలమాళిగలోకి వెళ్లిపోయాయో. ఫిట్స్ వచ్చే బాబాయిని పెళ్లిచూపుల రోజు పక్క ఊరికి పంపేస్తారు. బొల్లి ఉన్న అత్తకి పొడుగు చేతుల జాకెట్టు తొడుగుతారు. తలుపేసి ఉంచిన పెద్దమ్మ గురించి "ఆవిడ గుళ్లూ గోపురాలూ తిరుగుతోంది" అని చెప్తారు. ఆ భయం ఉత్తదని నేననను, మాట బయటికొచ్చి సంబంధం తప్పిపోయిన ఇళ్లు నాకూ తెలుసు. కానీ ఏం జరుగుతోందో చూడండి. బయటివాళ్లకి తెలియకూడదని మొదలుపెట్టింది చివరికి ఇంట్లోవాళ్లకే తెలియకుండా పోయింది. కూతురి పెళ్లికోసం దాచిన సంగతి ఆ కూతురు కడుపుతో ఉన్నప్పుడు డాక్టరు అడిగితే ఆమెకే తెలియదు.

మగపిల్లవాడి తరఫు పెద్దలకు విడిగా ఒక మాట. మీరు వెనక్కి తగ్గుతారన్న భయంతోనే అవతలివాళ్లు దాస్తున్నారు. అమ్మాయి మేనమామకి ఫిట్స్ వచ్చాయని సంబంధం వదులుకునే ముందు ఒక డాక్టర్ని అడగండి. చాలా ఫిట్స్ చిన్నప్పుడు తలకి తగిలిన దెబ్బ వల్లో, మెదడుకి సోకిన ఇన్ఫెక్షన్ వల్లో వస్తాయి, అవి పిల్లలకి రావు. బొల్లి అంటుకోదు, ప్రాణం తీయదు. కాన్పుల్లో వచ్చే కష్టాలకి కూడా కోడలి ఇంటినే వెతుకుతారు, మీ ఇంటి వైపు నుంచి వచ్చేవి తక్కువేమీ కాదు.

ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా సంగతే తీసుకుందాం. ఆ జన్యువు ఒక్కటి మోస్తున్నవాళ్లు మామూలుగా బతికేస్తారు, ఎప్పుడూ కాస్త రక్తం తక్కువ అంటారు, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా ఎక్కదు, అంతే. అలాంటివాళ్లు ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం, పుట్టే బిడ్డ నెలనెలా రక్తం ఎక్కించుకుంటేనే బతికే బిడ్డ అవుతుంది. పెళ్లికి ముందు ఇద్దరికీ ఒక రక్తపరీక్ష, హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనో హెచ్‌పీఎల్‌సీ అనో అడగాలి, అది చేయిస్తే తెలిసిపోతుంది. తెలిసినంత మాత్రాన పెళ్లి మానుకోనక్కర్లేదు కూడా, గర్భం మొదట్లోనే బిడ్డని పరీక్షించే వీలుంది. ఎర్రరక్తకణాలు కొడవలిలా వంకరపోయే సికిల్ సెల్ జబ్బు కూడా ఈ దారిలోనే వస్తుంది, మన ఏజెన్సీ ఊళ్లలో ఎక్కువ. కేంద్రం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టి, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఆ జబ్బుని వదిలించాలని పెట్టుకుంది. పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ వైపు పెద్దలు ఈ లేఖ చదువుతుంటే, తరచూ ఒళ్లు నొప్పులు, కీళ్ల నొప్పులతో మెలితిరిగిపోయి చిన్న వయసులోనే పోయినవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఆ మాట పరీక్ష చేయడానికి వచ్చినవాళ్లకి తప్పక చెప్పండి.

మేనరికాల గురించి మీతో గొడవ పెట్టుకోవడానికి ఇది రాయడం లేదు. మన దగ్గర అది తరతరాల అలవాటు, పొలాలు చీలకుండా, పిల్ల కళ్లెదుటే ఉంటుందని చేశారు. అయితే మేనమామకీ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి, మేనబావకీ మరదలికీ ఎనిమిదో వంతు. ఇంట్లో దాగి ఉన్న లోపం ఒకటి ఉంటే రెండు వైపుల నుంచీ ఒకే బిడ్డకి వచ్చే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది. అందుకే మీరు లెక్కలో వేయని పిల్లల గురించి అడుగుతున్నాను. "నీకెంతమంది పిల్లలు నానమ్మా" అంటే "ఐదుగురు" అంటుంది, బతికినవాళ్లు ఐదుగురు. వాళ్లకి ముందు పుట్టి నెల తిరక్కుండా పోయినవాళ్లు, పురిట్లోనే పోయినవాళ్లు, మాటలు రాక నడక రాక నాలుగేళ్లకి పోయిన మగపిల్లాడు, నిలవని గర్భాలు, ఇవన్నీ అడిగితే గానీ రావు. ఆ బాధ మళ్లీ తోడటం నాకిష్టం లేదు. కానీ వరసగా మగపిల్లలే పోయారా, పుట్టినప్పుడు బాగానే ఉండి తర్వాత పోయారా, ఇలాంటివి చెప్తే జెనెటిక్స్ డాక్టరుకి దారి దొరుకుతుంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, బేగంపేటలో జన్యువ్యాధుల ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్లినా మొదట చేసేది తెల్లకాగితం మీద మూడు తరాల బొమ్మ గీయడమే, మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత, మేనరికమైతే జంట గీత. ఆ బొమ్మలో ఖాళీలు ఎక్కువైతే ఎంత పెద్ద డాక్టరైనా ఏం చేస్తారు.

ఇంకో సంగతి, మన ఇళ్లలో వంశం అంటే నాన్న వైపే. ఇంటిపేరు, గోత్రం, తద్దినంలో చెప్పే పేర్లు చాలావరకు అటే. జబ్బులకి ఆ పట్టింపు లేదు. రక్తం గడ్డకట్టని హిమోఫిలియా చాలావరకు తల్లి నుంచి కొడుక్కి వస్తుంది, ఆవిడ బాగానే ఉంటుంది, ఆవిడ అన్నదమ్ములకి ఉండి ఉంటుంది. పన్ను పీకితే రక్తం ఆగక పోయిన మేనమామ ఎవరైనా ఉన్నారేమో అందుకే చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ సంగతి ఇంకా విడ్డూరం, అందరూ అమ్మకి ఉందా, అమ్మమ్మకి ఉందా అని వెతుక్కుంటారు, నాన్న వైపు చూడరు. బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో లోపం నాన్న నుంచి కూడా అంతే వీలుగా వస్తుంది, నాన్నకి ఏ జబ్బూ ఉండకపోవచ్చు, ఆయన అక్కచెల్లెళ్లకి ఉంటుంది. మేనత్తల సంగతి గుచ్చి గుచ్చి అడిగేది ఇందుకే. రొమ్ములో గడ్డ, అండాశయంలో గడ్డ, రెండూ చెప్పండి. నీటికాసులు వచ్చి చూపు పోయినవాళ్లుంటే అదీ చెప్పండి, ఆ జబ్బు తెలియకుండానే చూపు తినేస్తుంది కాబట్టి మేం ముందే కంటి ప్రెషర్ చూపించుకుంటాం.

ఆపరేషన్‌లో మత్తు ఇచ్చినప్పుడు ఎవరికైనా తేడా చేసిందా? ఈ ప్రశ్న దాదాపు ఎవరికీ తట్టదు. సక్సినైల్‌కోలిన్ అని మత్తు డాక్టర్లు కండరాలు వదులవడానికి వాడే మందు ఒకటుంది, మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్లకి అది గంటల తరబడి దిగదు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. ఈ లోపం మన వైశ్యుల్లో మిగతావాళ్ల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువని శాస్త్రవేత్తలు రాశారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో తంగరాజ్ గారి బృందం, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందం కలిసి 2017లో వేసిన పరిశోధనలో దీన్ని ఉదాహరణగా చెప్పారు. ఏ కులంలోనూ దోషం లేదు, ఎప్పుడో కొద్ది కుటుంబాలతో మొదలై వందల ఏళ్లు లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకుంటే ఆ మొదటివాళ్లలో ఉన్న ఒక మార్పు అందరికీ పాకుతుంది. వాళ్లు దక్షిణాసియాలో చూసిన 263 సమూహాల్లో 81 ఇలాంటివేనట. ఈ ఎంజైము సంగతి ముందు తెలిస్తే చిన్న రక్తపరీక్ష చేసి వేరే మందు వాడతారు, గండం అక్కడితో సరి. "మా అన్నయ్యకి అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక రాత్రంతా తెలివి రాలేదు, మిషన్ మీద పెట్టారు" అన్న మీ ఒక్క మాట చాలు.

మనసుకి వచ్చే జబ్బుల గురించి రెండే మాటలు. "బావిలో కాలు జారి పడింది" అని మీరు మాకు చెప్పినవాటిలో కొన్ని కాలు జారినవి కావని మాకూ తెలుసు. ఊరంతటికీ చెప్పమనడం లేదు, ఆ ఇంట్లో డిప్రెషన్‌తో కొట్టుకుంటున్న మనవడికి, వాళ్ల అమ్మకి చెప్పండి. బైపోలార్, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు పట్టలేని ఉద్రేకం వచ్చే జబ్బు, ఇంట్లో ఉందో లేదో సైకియాట్రిస్టులు పట్టుబట్టి అడుగుతారు. ఉందని తెలిస్తే మందులు ఎంచుకోవడంలోనే తేడా ఉంటుంది, ఒట్టి డిప్రెషన్ మందు ఇస్తే కొందరికి అది అవతలి అంచుకి తీసుకుపోతుంది.

ఇలా అన్నీ రాస్తూ పోతే ఇంట్లో వచ్చిన ప్రతి జబ్బూ వంశపారంపర్యమే అనుకుని హడలిపోయే పిల్లలు ఉంటారు, వాళ్లకోసం కూడా మీరే వివరం చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ తీరం వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఉన్నారు కదా, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఆ వేడికి, పొగకి అంగిట్లో పుండు పడి క్యాన్సర్‌గా మారుతుంది. ఒకే ఇంట్లో అత్తకీ కోడలికీ వచ్చిందంటే వాళ్లిద్దరికీ రక్తసంబంధమే లేదు, ఉన్నది చుట్ట. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒకే ఇంట్లో ముగ్గురికి ఎముకలు వంగిపోయాయంటే అది తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్. ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కిడ్నీ జబ్బు ఇంటింటికీ ఉంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అందుకే జబ్బుతోపాటు వాళ్లు ఏ ఊళ్లో ఎన్నేళ్లున్నారు, ఏ నీళ్లు తాగారు, ఏ పని చేశారు, చుట్టా బీడీ సారా అలవాట్లేంటి, ఇవి కూడా కావాలి. బీడీలు చుట్టిన పెద్దమ్మ దగ్గు, క్వారీలో రాయి కొట్టిన పెదనాన్న దగ్గు, రెండూ దగ్గే అయినా ఒకటి కావు. మీకు జబ్బు పేరు తెలియకపోతే మరీ మంచిది, పేరు మీరు పెట్టొద్దు. చూసింది చూసినట్టు చెప్పండి. మూతి ఒక పక్కకి వంకర పోయిందా, కాళ్లు ఉబ్బాయా, కళ్లు పచ్చబడ్డాయా, చిక్కి శల్యమయ్యారా, రక్తం కక్కారా, ఎన్నాళ్లు మంచంలో ఉన్నారు. మీరు "కామెర్లు" అని తేల్చేసినవాటిలో లివరు క్యాన్సర్లు ఉండొచ్చు, "గాలి సోకింది" అన్నవాటిలో ఫిట్సు ఉండొచ్చు. ఏది ఏమిటో డాక్టర్లు చూసుకుంటారు.

వయసులు, సంవత్సరాలు గుర్తుండవంటారు, ఎందుకు గుర్తుండవు, మీ క్యాలెండరు వేరే ఉంటుంది. మా నోటుపుస్తకంలో ఒక పేజీ ఇలా నిండింది. మా అమ్మగారి మేనత్త ఒకావిడ ఏ వయసులో పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. "పెళ్లి ఎప్పుడైంది?" అంటే "గోదావరి పుష్కరాల ఏడు, నాకు బాగా గుర్తు, రాజమండ్రిలో స్నానాలు చేసి అట్నించి అటే పెళ్లికెళ్లాం" అంది అమ్మమ్మ. అది 1967. అప్పటికి ఆవిడకి పదహారు నిండాయట. "గడ్డ ఉందని ఎప్పుడు చెప్పింది?" అంటే కాసేపు ఆలోచించి, "మళ్లీ మళ్లీ పుష్కరాలకి, స్నానం చేస్తుంటే చేతికి తగిలిందని నాతోనే చెప్పింది, ఎవరికీ చెప్పకు అంది" అంది. 1967 తర్వాత 1979, ఆ తర్వాత 1991. అంటే నలభై ఏళ్లకి రొమ్ములో గడ్డ. పేజీలో ఎడమ వైపు "పుట్టింది 1951 ప్రాంతం", కుడి వైపు "రొమ్ము గడ్డ, 40, రెండేళ్లలో పోయారు, ఆపరేషన్ లేదు", కింద "కూతుళ్లు ఇద్దరు, కబురు చేయాలి" అని రాశాను. కృష్ణా జిల్లావాళ్లకి 1977 దివిసీమ ఉప్పెన ఉంది, అందరికీ ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన 1983 ఉంది. ఉప్పెనకి ముందా తర్వాతా, అప్పటికి పెద్దవాడు చంకలో ఉన్నాడా బడికెళ్తున్నాడా, ఇలా అడుగుతూ పోతే రెండు మూడేళ్ల తేడాతో వయసు వచ్చేస్తుంది, మాకు అది చాలు.

కాగితాల విషయంలో మీ మీద నాకు కొంచెం కోపం ఉంది. బీరువాలో పొలం దస్తావేజు ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంటుంది, పోయిన మనిషి ఆసుపత్రి ఫైలు మాత్రం పెద్దకర్మ కాగానే మందులతో, దుప్పట్లతో కలిపి తగలేస్తారు. ఇంట్లో ఉంచకూడదంటారు. బయాప్సీ రిపోర్టు ఒక్క కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ నాలుగు కాగితాలు, చివరి ఈసీజీ, ఎకో రిపోర్టు, ఇవి తీసి పక్కన పెట్టండి. ఇంట్లో వద్దనుకుంటే ఫోన్లో ఫోటో తీసి పిల్లలకి పంపండి, కాగితం ఏం చేసుకున్నా మీ ఇష్టం. థర్మల్ కాగితం మీది ఈసీజీ కొన్నేళ్లకి వెలిసిపోతుంది కాబట్టి అది ఎలాగూ ఫోటో తీయాలి. ఆసుపత్రిలో పోయినప్పుడు మరణ కారణం రాసిన పత్రం నకలు దగ్గరి బంధువులకి ఇవ్వాలని 2023లో చట్టం సవరించారు. ఆ దుఃఖంలో ఎవరికీ తోచదు, బిల్లులు కట్టడానికి తిరిగే కుర్రాడితో ముందే చెప్పి ఉంచండి, అది అడిగి తీసుకోమని.

ఎప్పుడు మాట్లాడుకోవాలంటే, మన దగ్గర అందుకు రోజులున్నాయి. అమెరికాలో 2004 నుంచి అక్కడి సర్జన్ జనరల్ థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజునే కుటుంబ ఆరోగ్య చరిత్ర దినంగా పాటించమంటున్నారు, ఎలాగూ అందరూ ఒకచోట చేరతారు కాబట్టి. అక్కడ మొదటిసారి డాక్టరు దగ్గరికెళ్తే ఇచ్చే ఫారంలో తాత ముత్తాతల గడులు చూసి మన పిల్లలు అర్ధరాత్రి ఇంటికి ఫోన్ చేస్తున్నారు. మనకి సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకునే రోజు ఉంది, తెలంగాణలో పెత్రమాస ఉంది, తద్దినాలున్నాయి, క్రైస్తవుల ఇళ్లలో సమాధుల పండుగ ఉంది. పోయినవాళ్లని తలుచుకోవడానికే కూర్చుంటాం. వాళ్ల పేరు, వాళ్లకి ఇష్టమైన కూర చెప్పుకునేటప్పుడు వాళ్లకి వచ్చిన జబ్బు, పోయిన వయసు కూడా చెప్పండి, పక్కన ఒకరు రాసుకుంటారు. భోజనాలయ్యాక, ఆకులు తీసేశాక, మగవాళ్లు కునుకు తీసేటప్పుడు ఆడవాళ్లు కూర్చునే ఆ గంట ఉంటుంది చూడండి, నా అనుభవంలో అసలు సంగతులన్నీ అప్పుడే వస్తాయి.

రాసినది ఎక్కడ ఉంటుందన్న మీ భయానికి కూడా జవాబు చెప్పాలి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, అందులో వియ్యంకుల వాళ్లుంటారు, వాళ్ల వాళ్లుంటారు. నోటుపుస్తకం ఒకరి దగ్గర, నకలు ఇంకొకరి దగ్గర, అంతే. బతికున్నవాళ్ల సంగతి వాళ్లని అడక్కుండా రాయకూడదు. హెచ్‌ఐవీ లాంటివి ఎవరైనా నమ్మి చెప్తే అది వాళ్ల సొంతం, పుస్తకంలోకి ఎక్కదు. ఎవరి డాక్టరుకి ఎంత అవసరమో అంతే వాళ్లు తీసుకెళ్లి చెప్పుకుంటారు. ఈ షరతులు మీ ముందే పిల్లల చేత ఒప్పించండి, ఒప్పుకోకపోతే చెప్పకండి, ఆ హక్కు మీకుంది.

చివరగా, తమ తరంలో ఒక్కరే మిగిలిన పెద్దలకి. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తోడికోడళ్లు అందరూ వెళ్లిపోయి మీరొక్కరే ఉంటే, మేం వచ్చి అడిగేదాకా ఆగొద్దండీ. మాలో చాలామందికి ఏం అడగాలో కూడా తెలియదు. ప్రతి ఇంట్లో అందర్నీ ఆసుపత్రులకి తిప్పే మనిషి ఒకరుంటారు, రిపోర్టుల కవర్లు మోసేది, టోకెన్ తీసుకునేది, మాత్రలు ఏ పూటవి ఆ పూటకి విడదీసి పెట్టేది. ఆ పిల్లకో పిల్లాడికో ఇవాళ సాయంత్రం ఒక ఫోన్ చేయండి. కాగితం, పెన్నూ తెచ్చుకోమని చెప్పి, మీ అమ్మగారితో మొదలుపెట్టండి.

ఇట్లు,
మా ఇంట్లో ఆ కవర్లు మోసే మనవరాలు